గదికి అనుమతి ఆఫీసుది, పాటకు అనుమతి ఊరిది

గ్రంథాలయాల్లో కళా సాంస్కృతిక కార్యక్రమాలు: ఖమ్మం, భద్రాచలం ఏజెన్సీ పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం శాఖా గ్రంథాలయాల్లో బొమ్మల పోటీలు, పాటల పోటీలు, కవి సమ్మేళనాలతో సందడే సందడి. 21వ తేదీ తెల్లారేసరికి మళ్లీ పేపర్లు, పోటీ పరీక్షల గైడ్లు. వారం పాటు కుదిరింది ఏడాది పొడవునా ఎందుకు కుదరదని అడిగేవాళ్లు ఊరూరా ఉన్నారు. నిజానికి ఇందులో చట్టం పెట్టిన అడ్డు తక్కువ. ఎవరిని అడగాలో, ఏం రాసివ్వాలో తెలియక ఆగిపోతున్నవే ఎక్కువ. గది కోసం గ్రంథాలయ సంస్థను అడగాలి. పాట కోసం, కథ కోసం వాటిని కాపాడుకొస్తున్న మనుషులను అడగాలి. మొదటి అనుమతి గుర్తున్న నిర్వాహకులకు కూడా రెండోది తరచూ గుర్తుండదు. కింది జవాబులు సాధారణ అవగాహన కోసం. వివాదం ముదిరితే న్యాయవాదిని కలవాల్సిందే.

చట్టం, పన్ను

ప్రశ్న: గ్రంథాలయం అంటే నిశ్శబ్దంగా చదువుకునే చోటు కదా. అక్కడ పాటలు, కథలు, నాటకాలు పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. ఈ ప్రాంతానికి గ్రంథాలయ చట్టం రెండు దారుల్లో వచ్చింది. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది కాబట్టి అక్కడ 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం నడిచింది. ఖమ్మం హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది కాబట్టి ఇక్కడికి 1955 నాటి హైదరాబాద్ చట్టం వచ్చింది. ఆ రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే కొనసాగిస్తోంది.

మద్రాసు చట్టం రాసినవాళ్ల ఊహ పుస్తకాల బీరువాల దగ్గర ఆగలేదు. కళాఖండాలు, పటాలు, చివరికి సినిమా రీళ్లు కూడా గ్రంథాలయం సేకరించవచ్చని, ఉపన్యాసాలు, తరగతులు ఏర్పాటు చేయవచ్చని అందులో రాశారు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. యునెస్కో, అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా కలిసి ప్రకటించిన పౌర గ్రంథాలయ ప్రణాళిక (1994) ప్రదర్శన కళలను జనానికి అందించడాన్ని, మౌఖిక సంప్రదాయానికి అండగా నిలవడాన్ని గ్రంథాలయం పనుల్లోనే చేర్చింది.

మన జిల్లాకు ఇది కొత్తేమీ కాదు. నిజాం రాజ్యంలోని తెలుగు గ్రంథాలయోద్యమం వాళ్లు 1925లో సభ జరుపుకున్నది మధిరలోనే. సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి కావాలన్న నిజాం ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 ఆంక్షలను చూసిన నేల ఇది. గ్రంథాలయం పేరున జనం ఒకచోట కూడడం ఇక్కడి పాత అలవాటు.

ప్రశ్న: ఆ గది మీద మాకు హక్కుందని ఏ ఆధారంతో అడగాలి?

ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్ను కింద గ్రంథాలయ పన్ను అని ఇంకో పద్దు కనిపిస్తుంది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున ఇది కలుస్తుంది. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటి వాటా 80 రూపాయలు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అది పంచాయతీ సొంత ఖర్చులకు వాడుకునే డబ్బు కాదు.

పన్ను కట్టినంత మాత్రాన గది మీ సొంతమైపోదు. అయితే మీ దరఖాస్తును చదివి, కారణం చూపి అవుననో కాదనో చెప్పాల్సిన బాధ్యత మాత్రం సంస్థ మీద పడుతుంది. సొంత ఇల్లు లేనివాళ్లు, పన్ను కట్టనివాళ్లు కూడా గ్రంథాలయానికి రావచ్చు. పౌర గ్రంథాలయం అంటేనే అందరిదీ.

గది, సమయం, డబ్బు

ప్రశ్న: ఎవరిని అడగాలి? లైబ్రేరియన్ ‘నా చేతుల్లో లేదు’ అంటున్నారు.

చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే. శాఖా గ్రంథాలయం రోజువారీ పని లైబ్రేరియన్ చూస్తారు. కార్యక్రమాలు, ఖర్చు, భవనం వాడకం జిల్లా గ్రంథాలయ సంస్థ చూస్తుంది. సంస్థకు చైర్మన్ ఉంటారు. ఆఫీసు పని, ఫైళ్లు కార్యదర్శి చూస్తారు. పైన హైదరాబాద్‌లో పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులు ఉంటారు. 2016 అక్టోబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయింది. అందువల్ల భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వాళ్లు దరఖాస్తును ఖమ్మానికి కాకుండా కొత్తగూడెంలోని సంస్థకు పంపాలి.

లైబ్రేరియన్‌ను దాటేసి నేరుగా పైకి వెళ్లకండి. ముందు ఆయనతో మాట్లాడి, దరఖాస్తు ఆయన ద్వారానే పంపండి. ‘నాకు అభ్యంతరం లేదు’ అని ఆయన ఒక్క ముక్క రాసి పంపితే పని తేలికవుతుంది. ఊరి గ్రంథాలయం పంచాయతీ భవనంలో నడుస్తుంటే పంచాయతీ తీర్మానం కూడా జత చేయండి.

ప్రశ్న: దరఖాస్తులో ఏం రాయాలి?

ఒక్క పేజీ చాలు. ఈ నమూనా చూడండి.

‘జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి, ద్వారా: శాఖా గ్రంథాలయ అధికారి. అయ్యా, మా గ్రామ యువజన బృందం వ్రాయునది ఏమనగా, ఫలానా తేదీ సాయంత్రం 4 నుంచి 6 గంటల వరకు శాఖా గ్రంథాలయ ఆవరణలో మా ఊరి పెద్దలతో కథలు చెప్పించాలని అనుకుంటున్నాము. సుమారు 60 మంది వస్తారు. ప్రవేశం ఉచితం. మైకు వాడము. చదువుకునేవారికి ఇబ్బంది లేకుండా వెనుక వరండాలో కూర్చుంటాము. కుర్చీలు, మంచినీళ్లు, శుభ్రత మా బాధ్యత. కార్యక్రమంలో పార్టీ ప్రచారం, చందాల వసూలు ఉండవు. దయచేసి అనుమతి ఇవ్వగలరని మనవి.’

కింద బాధ్యులు ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబర్లు ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. రేపు కాదన్నా, అసలు జవాబే రాకపోయినా మీ చేతిలో మిగిలే ఆధారం అదే.

ప్రశ్న: గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు అభ్యంతరం చెబుతున్నారు. ఎవరి హక్కు ముందు?

చదువుకునేవాళ్లదే. గదిలో పుస్తకం తీసుకుని కూర్చున్నవాళ్లను లేపి డప్పు కొట్టే హక్కు ఎవరికీ లేదు. మన శాఖా గ్రంథాలయాల్లో ఎక్కువ చోట్ల ఉన్నది ఒకటే హాలు కాబట్టి ఈ తగాదా తప్పడం లేదు. దీనికి సమయం ఒక పరిష్కారం, వరండా ఇంకొకటి. నెలలో ఒక రోజు ముందే నిర్ణయించి తలుపు మీద నోటీసు అంటిస్తే పిల్లలు ఆ రెండు గంటలు సర్దుకుంటారు. పరీక్షలకు ముందు నెల కార్యక్రమాలు ఆపేయడం మర్యాద. గదిలో చదివి వినిపించడం, బొమ్మలు వేయించడం లాంటివి, వరండాలో కథలు, బయట మైదానంలో డోలు, ఆట అని విడదీసుకున్న చోట గొడవలు పెద్దగా రావు. పెద్ద నాటకానికైతే ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. దాని పనిని శాఖా గ్రంథాలయం చేత చేయించాలని చూడకండి.

ప్రశ్న: టికెట్ పెట్టవచ్చా? చందాలు?

పెట్టకపోవడమే మేలు. మొదటిది, అందరి పన్నుతో నడిచే చోట డబ్బున్నవాళ్లకే ప్రవేశం అంటే అసలు ఉద్దేశమే పోతుంది. రెండోది, ఉచిత ప్రదర్శనకు కాపీరైట్ చట్టం ఇచ్చే మినహాయింపు టికెట్ పెట్టగానే పోతుంది. దాని సంగతి కింద చూడండి. సంస్థ కిరాయి గానీ, కరెంటు ఖర్చు గానీ అడిగితే కట్టండి, రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వని డబ్బు ఇవ్వకండి.

పాట, నాటకం, సినిమా

ప్రశ్న: రామదాసు కీర్తనలు పాడటానికి ఎవరి అనుమతైనా కావాలా?

కీర్తనలకు అక్కర్లేదు. రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న 17వ శతాబ్దం మనిషి. రచయిత చనిపోయాక 60 ఏళ్లు దాటితే ఆ రచన అందరిదీ అవుతుంది. మీ ఊరి భజన బృందం, పిల్లలు స్వేచ్ఛగా పాడుకోవచ్చు, రాసుకోవచ్చు, పుస్తకం వేసుకోవచ్చు.

అదే కీర్తనను పేరున్న గాయకులు పాడిన రికార్డు సంగతి వేరు. రికార్డుకు విడిగా హక్కు ఉంటుంది, అదీ వెలువడిన నాటి నుంచి 60 ఏళ్లు. కాబట్టి కీర్తన అందరిదైనా, క్యాసెట్ మాత్రం కంపెనీదే. దాన్ని స్పీకర్లో పెట్టి, ఆ వీడియోను యూట్యూబ్‌లో ఎక్కిస్తే హక్కుదారు అభ్యంతరం చెప్పవచ్చు. పిల్లల చేత పాడించండి. చట్టానికి చట్టం, పిల్లలకు పాట రెండూ దక్కుతాయి.

ప్రశ్న: ఈమధ్య కవుల పద్యాలు, నాటకాలు?

లెక్క తేలికే. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు అందరివీ. దాశరథి కృష్ణమాచార్య 1987లో కన్నుమూశారు, ఆయన రచనల హక్కు 2047 చివరి దాకా ఉంటుంది. అలాగని గ్రంథాలయంలో దాశరథిని చదవకూడదని కాదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ రెండు వెసులుబాట్లు ఇచ్చింది. అచ్చయిన రచన నుంచి తగినంత భాగాన్ని నలుగురిలో చదివి వినిపించవచ్చు. వృత్తి కళాకారులు కాని ఔత్సాహిక బృందం, డబ్బు తీసుకోకుండా వచ్చినవాళ్ల ముందు నాటకమో పాటో ప్రదర్శించవచ్చు. సినిమా పాటను స్థానిక పిల్లలు సొంత గొంతుతో పాడటం కూడా ఇందులోకే వస్తుంది.

ఈ వెసులుబాటు ఆ ప్రదర్శన వరకే. దాన్ని రికార్డు చేసి నెట్‌లో పెట్టడానికి, కవితలను జిరాక్స్ తీసి పంచడానికి ఇది చెల్లదు.

ప్రశ్న: ప్రొజెక్టర్ మీద సినిమా వేయవచ్చా?

దీనికి పైన చెప్పిన మినహాయింపు లేదు. డీవీడీ కొన్నా, ఓటీటీకి చందా కట్టినా అది ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చిన హక్కే. జనానికి చూపాలంటే హక్కుదారు అనుమతి కావాలి, సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. డాక్యుమెంటరీ తీసినవాళ్లను నేరుగా అడిగితే ఉచితంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేత ఈ-మెయిల్‌లో అయినా అవునని రాయించుకోండి.

ప్రశ్న: భజన పెట్టుకోవచ్చా? పార్టీ వాళ్లు సభకు అడిగితే?

రామదాసును సంగీతంగా, సాహిత్యంగా వినడానికి గ్రంథాలయం కన్నా మంచి చోటు లేదు. అది పూజగా, మత ప్రచారంగా మారితే మాత్రం అన్ని మతాలవాళ్ల పన్నుతో నడిచే గది కాబట్టి సంస్థ కాదనవచ్చు, కాదనాలి కూడా. ఏ మతం వాళ్లు అడిగినా జవాబు ఒకటే ఉండాలి. ఒకరికి అవునని ఇంకొకరికి కాదంటే అది వివక్ష. పార్టీ సభలకు అసలే వద్దు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు నాయకులను అతిథులుగా పిలిచే ఆలోచన మానుకోండి, తేదీ గురించి రిటర్నింగ్ అధికారి ఆఫీసులో ముందే అడగండి.

పాటలో ప్రభుత్వం మీద విమర్శ ఉందని ఆపేయడం వేరు సంగతి. భావ ప్రకటన స్వేచ్ఛ 19వ అధికరణం ఇచ్చిన హక్కు. దానిపై పరిమితులు చట్టంలో ఉండాలి. ఆఫీసులో ఒకరికి నచ్చలేదన్నది కారణం కాదు.

కోయ కళలు, కోయ మాట

ప్రశ్న: మా గుంపులో (గూడెంలో) పెద్దాయన డోలి వాయిస్తూ సమ్మక్క కథ చెబుతారు. రికార్డు చేసి గ్రంథాలయంలో పెడదామని యువకులు అంటున్నారు. ఎవరిని అడగాలి?

ఇక్కడే రెండో అనుమతి వస్తుంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. కంచు తాళం, డోలితో కోయ వీరుల కథలు చెప్పిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటి పెద్దలతోనే పోయే కథలు ఇంకా ఎన్నో ఉన్నాయి. రికార్డు చేయాలన్న తొందర సబబే. తొందరలో అడగడం మరిచిపోవడమే తప్పు.

చట్టం ఏమంటుందంటే, తరతరాల కథకు ఒక్క రచయిత లేడు కాబట్టి మామూలు కాపీరైట్ వర్తించదు. కానీ కథ చెప్పిన మనిషికి ప్రదర్శకుల హక్కు ఉంటుంది. అది 50 ఏళ్లు నిలుస్తుంది. ఆయన ఒప్పుకోకుండా రికార్డు చేయకూడదు, అమ్మకూడదు, పేరు తీసేయకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ రికార్డు మీద హక్కు దాన్ని తయారు చేసినవారికి వెళుతుంది. అంటే రాసుకోకపోతే తాత చెప్పిన కథ రికార్డుకు మనవడి స్నేహితుడు యజమాని అయిపోతాడు.

ఊరికి కూడా హక్కుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో అమలయ్యే 1996 నాటి పెసా చట్టం 4వ సెక్షన్ ప్రకారం తమ సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభది. 2006 అటవీ హక్కుల చట్టం 3వ సెక్షన్ జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యాలకు సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై సమాజానికి ఉమ్మడి హక్కును గుర్తించింది.

కాబట్టి కెమెరా తీసే ముందు పటేల్‌నూ పెద్దలనూ కూర్చోబెట్టి కోయలోనే ఈ సంగతులు మాట్లాడండి. ఏ కథ చెప్పవచ్చు, ఏది కొలుపులో తప్ప చెప్పకూడదు? వంశ కథను బొమ్మల్లో చూపే పడిగె గుడ్డ విప్పవచ్చా, ఫొటో తీయవచ్చా? రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎవరు వినవచ్చు, నెట్‌లో పెట్టాలా వద్దా? ఊరికి ఒక కాపీ ఎవరి దగ్గర ఉంటుంది? తేలిన మాటను తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకాలో వేలిముద్రలో తీసుకోండి. ‘వద్దు’ అన్న కథను వదిలేయండి, బతిమాలకండి.

ప్రశ్న: కళాకారులకు డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి. ఔత్సాహిక బృందం ఉచితంగా ఆడటం వేరు, ఒక పెద్దమనిషిని రోజు కూలి మానిపించి తెచ్చి శాలువా కప్పి పంపడం వేరు. రాకపోకల ఖర్చు, భోజనం, పారితోషికం ముందే చెప్పండి. రికార్డుకు ఇచ్చేది విడిగా చెప్పండి. సంస్థ ఖర్చు పెట్టుకుంటే ఆ మొత్తం కళాకారుడి చేతికే అందేట్టు చూడండి.

ప్రశ్న: కార్యక్రమం మొత్తం కోయలోనే నడపవచ్చా? కోయ రాజ్యాంగంలో లేదంటారు కదా.

ఎనిమిదో షెడ్యూలులో లేనిమాట నిజమే. కానీ 29వ అధికరణం తమ భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కును దేశంలోని ఏ పౌరుల సమూహానికైనా ఇచ్చింది. అందులో షెడ్యూలు ప్రస్తావన లేదు. గ్రంథాలయంలో ఏ భాషలో మాట్లాడాలన్న నిబంధన ఏదీ లేదు. తెలుగు లిపిలో కోయ పాటల గోడపత్రికలు, పిల్లలు రాసిన చిట్టి పుస్తకాలు కూడా గ్రంథాలయంలో పెట్టమని అడగవచ్చు. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. బొమ్మలు, వాద్యాల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు దాన్నీ కలుపుకోండి.

ప్రశ్న: ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తి కోయ పిల్లల దగ్గర ఆధార్ లేదని కార్యక్రమానికి రానివ్వలేదు. ఇది సరైనదేనా?

కాదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికి సభ్యత్వం, డిపాజిట్, చిరునామా అడగవచ్చు. గదిలో కూర్చుని చదవడానికి, ఉచిత కార్యక్రమం చూడటానికి ఆధార్‌తో పనేముంది? ప్రభుత్వ నిధులతో నడిచే ప్రజా స్థలాల్లోకి కులం, మతం, పుట్టిన చోటు చూసి అడ్డగించరాదని 15వ అధికరణం అంటోంది. షెడ్యూల్డ్ తెగవాళ్లను ప్రజా స్థలంలోకి రానివ్వకపోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం కూడా కావచ్చు. ఫిర్యాదుకు ముందు ఒకసారి ఆ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి లైబ్రేరియన్‌తో మాట్లాడండి. తెలియక చేసిన పని అయితే అక్కడే సర్దుకుంటుంది.

ప్రశ్న: కొమ్ము కోయ ఆటకు వాడే కొమ్ములు, నెమలి ఈకల మీద అటవీ శాఖ కేసు పెడుతుందా?

రెండింటి సంగతీ వేరు. నెమలి తోక ఈకల వ్యాపారానికి, రవాణాకు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మినహాయింపు ఇచ్చింది. రాలిన ఈకలు కట్టుకుని ఆడితే ఇబ్బంది లేదు. ఈకల కోసం నెమలిని చంపితే మాత్రం తీవ్ర నేరం.

అడవి దున్న ఆ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాని కొమ్ములు దగ్గర ఉంచుకోవాలంటే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. తాతల నాటి నుంచి వారసత్వంగా వచ్చినవైతే వచ్చిన 90 రోజుల్లో వన్యప్రాణి అధికారికి తెలపాలన్నది నిబంధన. కొత్తగా కొనడం, అమ్మడం కుదరదు. చెక్కతో చేసినవి, పెంపుడు పశువుల కొమ్ములతో చేసినవి ఈ చట్టం కిందకు రావు. బృందాన్ని పిలిచే ముందు తలపాగా దేనితో చేశారో అడిగి, పాత దున్న కొమ్ములుంటే కాగితం వెంట తెచ్చుకోమనండి. పది మంది ఆడేవాళ్లను దారిలో చెక్‌పోస్టు దగ్గర నిలబెట్టడం కన్నా అది మేలు.

మైకు, పోలీసు, సరిహద్దు

ప్రశ్న: మైకుకు ఏ అనుమతి కావాలి?

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. స్థానికంగా పోలీసుల దగ్గర తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకు నిషేధం. సాంస్కృతిక, మత ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. ఆ రోజులేవో ఉత్తర్వులో ఉంటాయి, మీరు ఎంచుకునేవి కావు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఈ జాబితాలో గ్రంథాలయం పేరు లేకపోయినా, పక్కన బడి ఉందా లేదా చూసుకోండి. అరవై మందికి కథ చెప్పడానికి మైకు ఎందుకన్నది అసలు ప్రశ్న.

ప్రశ్న: లోపల జరిగే కార్యక్రమానికి కూడా పోలీసులకు చెప్పాలా?

ఊరేగింపు తీస్తే, రోడ్డు వాడితే అనుమతి తప్పనిసరి. గ్రంథాలయం లోపల కథలు చెప్పుకోవడానికి మామూలుగా అది అవసరం రాదు. అయితే సరిహద్దు మండలాల్లో సెక్షన్ 30 పోలీస్ యాక్ట్ అమల్లో ఉందనో, నిషేధాజ్ఞలు ఉన్నాయనో ప్రకటనలు వస్తుంటాయి. తేదీ ఖాయం చేసే ముందు స్టేషన్‌లో కనుక్కోండి. సమాచారం ఇస్తూ ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకుంటే, అవతలి గుంపుల నుంచి వచ్చి చీకటి పడ్డాక తిరిగెళ్లేవాళ్లకు దారిలో అడిగినా చూపించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మాది ఎటపాక. భద్రాచలం గ్రంథాలయం ఆటో దూరంలో ఉంది. కానీ మేం ఆంధ్రలో ఉన్నాం.

2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. రెండు రాష్ట్రాల్లోనూ మూలం 1960 చట్టమే, సంస్థలు మాత్రం వేరు. భద్రాచలంలో కూర్చుని చదవడానికి, కార్యక్రమంలో పాల్గొనడానికి రాష్ట్రం అడ్డు కాదు. పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికి స్థానిక చిరునామా గానీ హామీ గానీ అడిగే అవకాశం ఉంది. మీ ఊళ్లోనే కార్యక్రమం పెట్టాలంటే మైకు, పోలీసు అనుమతులు ఆంధ్రప్రదేశ్ వైపు తీసుకోవాలి. వేదిక ఏ నేల మీద ఉంటే ఆ అధికారులదే మాట.

గది లేని చోట, జవాబు రాని చోట

ప్రశ్న: మా గుంపుకు గ్రంథాలయమే లేదు. చుట్టూ అటవీ భూమి. చిన్న గది కట్టుకోవచ్చా?

అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్‌లో ప్రభుత్వం నిర్వహించే 13 రకాల సదుపాయాలకు అటవీ భూమి మళ్లించవచ్చని ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రోడ్డు లాంటివి అందులో ఉన్నాయి. గ్రంథాలయం పేరు లేదు. కానీ చివర కమ్యూనిటీ సెంటర్ ఉంది. కమ్యూనిటీ భవనానికి అడిగి, అందులో ఒక గదిని పుస్తకాలకు, పాటకు కేటాయించుకోవడం చట్టానికి లోబడిన దారి. షరతులు మూడు: ఒక్కో సదుపాయానికి భూమి హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆ తీర్మానంతో దరఖాస్తు డివిజనల్ ఫారెస్ట్ అధికారికి చేరాలి. భవనాన్ని ప్రభుత్వమే నిర్వహించాలి కాబట్టి పంచాయతీనో ఐ.టి.డి.ఎ.నో ముందే ఒప్పించండి. సొంతంగా పాక వేసుకుని తరవాత కాగితం చూద్దాం అనుకుంటే కేసు మీ మీద పడుతుంది.

అప్పటిదాకా అంగన్‌వాడీ వరండా, బడి గది చాలు. పుస్తకాలు సరఫరా చేయమని జిల్లా గ్రంథాలయ సంస్థను అడగండి.

ప్రశ్న: చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు మెట్లు అడ్డంగా ఉన్నాయి. అడగవచ్చా?

అడగాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలను అందరూ వాడుకునేలా మార్చాలంటోంది. 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితంలో వాళ్ల భాగస్వామ్యాన్ని విడిగా ప్రస్తావించింది. ర్యాంపు వచ్చేదాకా కార్యక్రమాన్నే కిందికి, వరండాలోకో చెట్టు నీడలోకో దించడం మీ చేతిలో ఉన్న పని.

ప్రశ్న: దరఖాస్తు ఇచ్చి నెల దాటింది. జవాబు లేదు. ఏం చేయాలి?

ముందు కార్యదర్శిని కలిసి ముద్ర ఉన్న కాపీ చూపండి. కాదంటే కారణం రాసివ్వమనండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి. ఏజెన్సీవాళ్లు భద్రాచలం ఐ.టి.డి.ఎ. గిరిజన దర్బార్‌లోనూ చెప్పుకోవచ్చు. ఆపైన సంచాలకులకు రాయండి.

వీటితో పాటు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జిల్లా స్థాయి ఆఫీసుకు రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. పేదరికపు రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా రుసుము లేదు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. ఈ నాలుగు అడిగితే చాలు: మా దరఖాస్తు మీద ఏం నిర్ణయించారు? మా పంచాయతీ నుంచి గత మూడేళ్లలో జమ అయిన గ్రంథాలయ పన్ను ఎంత, రావాల్సింది ఎంత? వారోత్సవాలకు మా శాఖలో ఎంత ఖర్చు పెట్టారు? భవనాన్ని కార్యక్రమాలకు ఇవ్వడంపై సంస్థ తీర్మానం ఉంటే దాని నకలు ఇవ్వండి.

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబును మీ దగ్గరే దాచుకోకండి. గ్రామసభలో చదివి వినిపించండి. పన్ను బకాయి పంచాయతీ దగ్గరే ఆగిందని తేలితే, గది ఎందుకు ఇవ్వరన్న తగాదా అక్కడితో సగం తీరుతుంది. మిగతా సగానికి తేదీ, సమయం రాసి మళ్లీ దరఖాస్తు ఇవ్వండి.